టర్బోకు హద్దు ఎక్కడ గీయాలి?

మన రోడ్ల మీద ఇప్పటికీ కనిపించే రెండు పెట్రోలు కార్లు తీసుకుందాం. ఒకటి మారుతి స్విఫ్ట్, రెండోది ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ. రెండింటి ఆర్‌సీలోనూ ఇంజిన్ పరిమాణం 1197 సీసీ అనే రాసి ఉంటుంది. స్విఫ్ట్ ఇచ్చేది దాదాపు 83 హార్స్ పవర్, పోలో ఇచ్చేది 105. ఈ తేడాలో పెద్ద వాటా టర్బోది. ఇవి రెండూ ‘1200 సీసీ లోపు’ అనే ఒకే తరగతిలో పక్కపక్కన నిలబడి పందెం వేస్తే అది సరైన పోటీయేనా?

డ్రాగ్ రేసింగ్‌లో మలుపులుండవు. నిలబడ్డ బండి పచ్చదీపం వెలగగానే కదిలి, తిన్నగా పావు మైలు, అంటే 402 మీటర్లు, ఎంత త్వరగా దాటుతుందన్నదే లెక్క. ఆట ఇంత సూటిగా ఉంటుంది కాబట్టి తగవంతా నియమాల దగ్గరే వస్తుంది. జీతం రాళ్లతో, సెలవు రోజుల్లో, సొంత కారునే సిద్ధం చేసుకునే ఔత్సాహికుల మధ్య ఈ తగవు మరీ చేదుగా ఉంటుంది. నిరుడు అప్పు చేసి కొన్న టర్బో ఈ ఏడు ‘చెల్లదు’ అంటే అది ఒక ఇంటి బడ్జెట్‌కు తగిలే దెబ్బ. అందుకే నియమం మార్చేముందు దాని వెనక ఉన్న భౌతికశాస్త్రం అందరికీ తెలియాలి.

ఇంజిన్ ఎంత బలం ఇస్తుందన్నది అది పీల్చే గాలి బరువును బట్టి ఉంటుంది. పెట్రోలు ఎంతైనా పోయవచ్చు, దాన్ని మండించే ఆక్సిజన్ దొరకడమే కష్టం. మామూలు ఇంజిన్ బయటి గాలి పీడనంతో తనంతట తాను నిండుతుంది. కాబట్టి దానికి సీసీ నమ్మదగిన కొలతే. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బుషీ 1905లో పేటెంటు తీసుకున్న ఆలోచన ఈ లెక్కను తలకిందులు చేసింది. సైలెన్సర్ గుండా వృథాగా పోయే వేడి వాయువులతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు మీద ఉన్న రెండో చక్రంతో గాలిని ఒత్తి సిలిండర్లలోకి పంపడమే టర్బో. బయటి పీడనానికి రెట్టింపు పీడనంతో గాలి పంపితే 1200 సీసీ ఇంజిన్ 2400 సీసీ ఇంజిన్‌కు దగ్గరగా పనిచేస్తుంది. కాగితం మీద మాత్రం అది 1200గానే ఉంటుంది.

మన దేశంలో ఈ చిక్కు పన్నుల్లోనూ కనిపిస్తుంది. 2006 బడ్జెట్ నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజిన్ ఉన్న కార్లకు తక్కువ పన్ను. సీసీకి హద్దు పెట్టారు గానీ గాలికి పెట్టలేదు. కంపెనీలు 1000 సీసీ ఇంజిన్లకు టర్బో బిగించి 120 హార్స్ పవర్ దాకా తీశాయి. 1248 సీసీ ఫియట్ డీజిల్ ఇంజిన్ కథ ఇంకా ముచ్చటైనది. ఒకే ఇంజిన్, మామూలు టర్బోతో 75 హార్స్ పవర్, రెక్కల కోణం మార్చుకునే టర్బోతో 90.

ప్రపంచ స్థాయిలోనూ ఇదే జరిగింది. 1966 నుంచి ఫార్ములా వన్‌లో మామూలు ఇంజిన్ అయితే 3 లీటర్లు, గాలిని ఒత్తి పంపేదైతే 1.5 లీటర్లు అన్నది నియమం. సగం చేశాం, సరిపోయింది అనుకున్నారు. పదకొండేళ్ల పాటు ఆ రెండో దారిని ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు. 1977లో రెనో టర్బో కారుతో వచ్చింది, మొదట్లో తరచూ చెడిపోయేది. 1979లో ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీ గెలిచింది. 1986 నాటికి టర్బోలు లేనిదే పందెం లేదు. అప్పుడు పీడనానికి హద్దు పెట్టారు: 1987లో 4 బార్, 1988లో 2.5 బార్, దాంతోపాటు టర్బో కార్లకు 150 లీటర్ల ఇంధనమే. ఇంత బిగించినా 1988లో హోండా టర్బో ఇంజిన్‌తో మెక్‌లారెన్ 16 పందేలలో 15 గెలిచింది. చివరికి 1989లో టర్బోను పూర్తిగా నిషేధించారు. ప్రపంచంలో అతి తెలివైన ఇంజినీర్లు కూర్చుని రాసిన నియమాలే ఇలా తేలాయి. ఒక ఊరి క్లబ్బు మొదటిసారే సరిగ్గా రాస్తుందని ఆశించడం అన్యాయం.

మరి ఎంత బలం పెరిగితే ఎంత సమయం తగ్గుతుంది? ఇక్కడ ఒక చక్కని సూత్రం ఉంది. ఇంజిన్ బలం మొదటి నుంచి చివరి దాకా స్థిరంగా చక్రాలకు అందుతుందనుకుంటే, నిర్ణీత దూరం దాటే సమయం బరువును బలంతో భాగించగా వచ్చిన సంఖ్య ఘనమూలంతో పాటు మారుతుంది. టైరు జారడం, గేర్లు మార్చడం వల్ల అసలు సమయం కాస్త ఎక్కువే అవుతుంది, కానీ నిష్పత్తి మాత్రం ఆశ్చర్యకరంగా నిలబడుతుంది. 1200 కిలోల బండి, 200 హార్స్ పవర్ అయితే పావు మైలుకు దాదాపు 13.75 సెకన్లు. బలం 10 శాతం పెంచితే సమయం 3 శాతమే తగ్గుతుంది. కానీ ఆ 3 శాతమంటే 0.4 సెకను. గీత దగ్గర వేగం గంటకు 160 కిలోమీటర్లు కాబట్టి 0.4 సెకనులో బండి 18 మీటర్లు పోతుంది. పందెంలో అది చాలా పెద్ద దూరం.

ఇదే సూత్రం బరువుకూ వర్తిస్తుంది. టర్బో బండికి 50 కిలోల బరువు కలిపితే అది 0.19 సెకను వెనకబడుతుంది. ‘నీ టర్బో పెద్దది, అంత బరువు మొయ్యి’ అనడం అందుకే అందరికీ నచ్చే రాజీ. ఇసుక బస్తా అయినా ఇనుప దిమ్మె అయినా చౌక, గట్టిగా బిగిస్తే చాలు. తూకానికి వేబ్రిడ్జి సరిపోతుంది.

కానీ ఎంత టర్బోకు ఎంత బరువు? దేనికి హద్దు పెట్టాలన్న అసలు చర్చ ఇక్కడే మొదలవుతుంది. చాలామంది మొదట అనేది ‘బూస్ట్‌కు హద్దు పెడదాం, 1 బార్ దాటకూడదు’ అని. వినడానికి బాగుంటుంది. కానీ బూస్ట్ అంటే గొట్టంలో పీడనమే తప్ప పారే గాలి బరువు కాదు. అదే 1 బార్ దగ్గర పెద్ద టర్బో చల్లని గాలి పంపుతుంది, శక్తికి మించి తిరిగే చిన్న టర్బో వేడెక్కిన గాలి పంపుతుంది. మే నెలలో 42 డిగ్రీల గాలిని రెట్టింపు పీడనానికి ఒత్తితే టర్బో నుంచి బయటకు వచ్చేసరికి దాదాపు 140 డిగ్రీలకు చేరుతుంది. దాన్ని ఇంటర్‌కూలర్ ఎంత చల్లార్చిందన్న దాని మీదే సగం పందెం ఉంటుంది. పైగా బూస్ట్‌ను పరుగు జరుగుతుండగానే కొలవాలి. సెన్సర్ గొట్టాన్ని ఎక్కడ అతికించారు, ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ) రికార్డును ఎవరు రాశారు అన్న అనుమానాలు తీరవు.

కోస్తాలో, పాలమూరు వైపు ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవారికి నియమం అందరి ముందూ తేలే గుర్తు మీద ఉండాలన్న విషయం వెంటనే బోధపడుతుంది. అక్కడ విభాగాలు పళ్ల లెక్కన ఉంటాయి: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు. ఎద్దు అసలు బలం ఎవరూ కొలవరు. నోరు తెరిచి చూస్తే పదిమంది ముందు తేలిపోయే గుర్తు మీద నియమం కట్టారు. పల్లె పెద్దలు ఏర్పరచుకున్న ఈ పద్ధతిలో గొప్ప ఇంజినీరింగ్ బుద్ధి ఉందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

టర్బోకు అలాంటి గుర్తు ఉంది. గాలి లోపలికి పోయే చక్రం నోటి వ్యాసం అది. ఇంజిన్ ఆపి, ముందున్న పైపు విప్పి, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఏ పనిముట్ల కొట్లోనైనా దొరికే వెర్నియర్ కాలిపర్స్‌తో అందరి ముందూ కొలవవచ్చు. ఆ నోటి వైశాల్యాన్ని బట్టే టర్బో గరిష్ఠంగా మింగగల గాలి ఉంటుంది. 44 మి.మీ. నోటికి బదులు 46 మి.మీ. పెడితే వైశాల్యం 9 శాతం పెరుగుతుంది. టర్బోను పూర్తిగా వాడుకుంటే బలమూ దాదాపు అంతే పెరుగుతుంది. 1200 కిలోల బండికి దాన్ని సరిచేయాలంటే 110 కిలోలు కలపాలి. చూపుకు ఆనని 2 మి.మీ. తేడా, ఇద్దరు మనుషుల బరువుకు సమానం.

ఇందులోనూ సందులుంటాయి. కొన్ని టర్బోలకు నోటి గోడలో ఒక గాడి ఉంటుంది, దాని గుండా అదనపు గాలి చక్రానికి చేరుతుంది. గాడిని లెక్కలోకి తీసుకుంటామా, మూసెయ్యమంటామా అన్నది ముందే రాయాలి. 1995లో ప్రపంచ ర్యాలీ పోటీల్లో టర్బో ముందు 34 మి.మీ. కంతతో ఒక అడ్డు పెట్టాలన్న నియమం ఉండేది. కంత ఇరుకైతే గాలి అందులో ధ్వని వేగాన్ని అందుకుంటుంది, ఆ తర్వాత ఎంత లాగినా అంతకంటే ఎక్కువ రాదు. 34 మి.మీ.కి లెక్క కడితే సెకనుకు 210 గ్రాముల గాలి, అంటే దాదాపు 300 హార్స్ పవర్. అంత గట్టి భౌతిక హద్దును టయోటా జట్టు దాటింది. సెలికా కారులో పైపు బిగించినప్పుడు ఆ అడ్డు కొన్ని మిల్లీమీటర్లు జరిగి పక్కనుంచి గాలి దూరే సందు తెరుచుకునేది, తనిఖీకి విప్పితే మూసుకుపోయేది. ఆ ఏడాది పాయింట్లన్నీ పోయాయి, 12 నెలల నిషేధమూ పడింది. భాగం కొలత ఎంత ఉండాలన్నదే కాదు, ఏ స్థితిలో కొలవాలన్నదీ నియమంలో ఉండాలి.

ఇక మన ఊరి సంగతి. సికింద్రాబాద్ దక్కన్ పీఠభూమి మీద సముద్ర మట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడి గాలి పీడనం సముద్ర తీరం కంటే 6 శాతం తక్కువ. టర్బో లేని ఇంజిన్ ఆ 6 శాతాన్నీ నేరుగా పోగొట్టుకుంటుంది. గేజీ మీద 1 బార్ బూస్ట్‌తో నడిచే టర్బో బండి కోల్పోయేది 3 శాతమే. గేజీ చూపేది బయటి గాలికి పైన ఉన్న పీడనం కాబట్టి, మొత్తం 2.01 నుంచి 1.95కు మాత్రమే తగ్గుతుంది. కాబట్టి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో సరిసమానంగా పరుగెత్తిన రెండు బండ్లు ఇక్కడ సమానం కావు. 3 శాతం బలం తేడా అంటే 0.13 సెకను, గీత దగ్గర ఆరు మీటర్లు, ఒక కారు పొడవు కన్నా ఎక్కువ. దాదాపు 1600 మీటర్ల ఎత్తున ఉండే డెన్వర్ లాంటి చోట్ల అమెరికా డ్రాగ్ సంఘం ఎత్తును బట్టి సమయాలు సవరిస్తుంది. తీరప్రాంతంలో రాసిన బరువుల పట్టికను ఇక్కడ యథాతథంగా దించుకుంటే టర్బో లేనివాడికి ప్రతి పందెంలోనూ అన్యాయమే. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ పక్కన పరుగెత్తిన ‘ఫార్ములా ఈ’ విద్యుత్ కార్ల మోటార్లకు ఈ బాధ లేదు, అవి గాలి పీల్చవు.

ఇంధనం గురించి ఒక మాట చాలు. ఇథనాల్ ఆవిరయ్యేటప్పుడు పెట్రోలు కన్నా రెట్టింపుకు మించి వేడిని లాక్కుంటుంది, సిలిండరును చల్లబరుస్తుంది, ఎక్కువ బూస్ట్‌ను తట్టుకోనిస్తుంది. అందరూ ఒకే బంకులో, పందెం రోజునే పోయించుకోవాలన్న నియమంతో ఈ తగవు తీరుతుంది.

నియమంలో మార్పు ఎప్పుడు అమలు కావాలన్నది మాత్రం శాస్త్రం తేల్చేది కాదు. సీజన్ మధ్యలో టర్బో కొలత మార్చకూడదు. తేడా కనిపిస్తే అప్పటికి బరువుతో సరిదిద్దాలి. కొలత మార్పును వచ్చే సీజన్‌కు, కనీసం ఆరు నెలల ముందు ప్రకటించాలి. గెలిచినవాడి ఒక్క పరుగు చూసి నియమం రాయకూడదు. ఆ రోజు ఉష్ణోగ్రత, పీడనం రాసి ఉంచి, కొన్ని పందేల సమయాలను వాటితో సరిచూశాకే మాట్లాడాలి. బేగంపేటలో వాతావరణ కేంద్రం ఉన్న ఊరికి ఆ అంకెలు కొరత కావు.

టర్బో పరిమాణంపై వాదిస్తున్నప్పుడు చాలామంది వదిలేసే లెక్క మరొకటి ఉంది. అది గీత దాటాక బండి ఆగే దూరం. అది వేగం వర్గంతో పెరుగుతుంది. 160 కిలోమీటర్ల వేగంలో మంచి టైర్లతో గట్టిగా బ్రేకు వేస్తే దాదాపు 145 మీటర్లు, 200లో 225 మీటర్లు. 2008లో డ్రాగ్ రేసర్ స్కాట్ కలిట్టా ప్రమాదంలో చనిపోయాక అమెరికా డ్రాగ్ సంఘం తన అత్యంత వేగవంతమైన తరగతులకు పందెం దూరాన్నే 1320 అడుగుల నుంచి 1000 అడుగులకు తగ్గించింది. రాత్రివేళ నగరపు రోడ్ల మీద జరిగే పందేలను నేను ఏ రకంగానూ సమర్థించలేకపోవడానికి కారణం ఈ అంకెలే. అక్కడ ఆగడానికి 225 మీటర్ల ఖాళీ లేదు, ఎదురుగా ఎవరు వస్తారో తెలియదు. మూసిన ట్రాక్ మీద నడిచే తరగతికి కూడా ముందు గీత అవతల ఎన్ని మీటర్లు ఉన్నాయో టేపు పట్టుకుని కొలిచి, ఆ దూరంలో క్షేమంగా ఆగగల వేగం కట్టి, దాన్నుంచి వెనక్కి లెక్కించి టర్బో నోటి వ్యాసం తేల్చాలి.