దీవుల పెరట్లో ఏ పండు చెట్టు?

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు అక్కడ ఎన్నో. పెరడున్న ప్రతి ఇంటికీ ఒక పండ్ల చెట్టు ఉండాలి. ఏ చెట్టన్నది మాత్రం అక్కడి నేలనూ వాననూ చూసే తేల్చుకోవాలి.

● ఆపిల్ ఆశ వద్దు: చలికాలంలో 7 డిగ్రీల లోపు చలి వందల గంటలపాటు తగిలితేనే చాలా ఆపిల్ రకాల మొగ్గలు సరిగా విచ్చుకుంటాయి. కొన్నింటికి వెయ్యి గంటలైనా కావాలి. అండమాన్‌లో ఏడాది పొడవునా ఉక్కపోతే. అక్కడి ఎత్తైన కొండ శాడిల్ పీక్ 732 మీటర్లే కాబట్టి, పైకెక్కినా వేడి తగ్గేది సుమారు అయిదు డిగ్రీలు. తక్కువ చలితో సర్దుకునే హెచ్ఆర్ఎంఎన్-99 రకం తెలంగాణలోని ఆసిఫాబాద్ జిల్లాలో కాసింది. ఆ జిల్లాలో చలికాలమంటూ ఒకటుంది, దీవుల్లో అదే లేదు.

● లిచీకి బదులు రాంబుటాన్: కుంకుడు, లిచీ, రాంబుటాన్ మూడూ ఒకే కుటుంబం చెట్లు. లిచీ పూతకు రావాలంటే చలి తగలాలి. రాంబుటాన్‌కు వేడి, తేమ చాలు. గింజ నాటితే మగ చెట్టు వచ్చే ప్రమాదం ఉంది, దానికి కాయలు రావు. అందుకే అంటు మొక్కే కొనాలి.

● గింజతోనే తల్లి పోలిక: మాంగోస్టీన్ సంగతి రాంబుటాన్‌కు పూర్తిగా విరుద్ధం. దాని గింజ పరాగ సంపర్కం లేకుండానే తయారవుతుంది కనుక మొలిచే మొక్క అచ్చం తల్లి చెట్టులాగే ఉంటుంది. కాపుకు ఏడెనిమిదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. లేత మొక్కకు నీడ తప్పనిసరి.

● మామిడికి గడువు నాలుగు నెలలే: దీవుల్లో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. కాస్త తెరిపి దొరికేది జనవరి నుంచి ఏప్రిల్ దాకా. పూత మీద వాన పడితే తెగులు సోకి మాడిపోతుంది. మామిడిని ఎండ తగిలే, గాలి ఆడే చోటే పెట్టాలి. అక్కడి అడవులకు సొంతమైన మామిడి కూడా ఉంది, శాస్త్రీయ నామం మాంజిఫెరా అండమానికా.

● మానుకే గుత్తులు: స్థానికులు ఖట్టా ఫల్ అనే పుల్లటి పండు కొమ్మల చివర కాయదు, మానుకే గుత్తులుగా వేలాడుతుంది. ఇందులోనూ ఆడ, మగ చెట్లు వేరు. ఒక్క మొక్కతో సరిపెడితే కాపు మీద ఆశ ఉండదు.

● నికోబారీల అన్నం: నికోబార్‌లో బ్రెడ్‌ఫ్రూట్‌గా పేరుపడ్డ పెద్ద కాయకు సీమపనసతో చుట్టరికం లేదు. అది మన మొగలి జాతిది. కాయను ఉడికించి, గుజ్జు తీసి తింటారు.

● కొత్త అరటి: లిటిల్ అండమాన్‌లోని కృష్ణానాలా అడవిలో 2012లో వృక్ష శాస్త్రవేత్తల కంటపడిన అడవి అరటి మూసా ఇండ్‌అండమానెన్సిస్. దాని పూలు ఆకుపచ్చన, పండు గుజ్జు నారింజ రంగు. ఇలాంటి అడవి రకాలు కొత్త వంగడాల తయారీకి ముడిసరుకు. వాటిని అడవిలోనే బతకనివ్వాలి.

● ఉప్పు నేలకు నోని: 2004 డిసెంబరు 26 సునామీతో సముద్రపు నీరు పొలాల్లోకి చేరింది. ఉప్పు తగిలిన నేలను తట్టుకునే చెట్లలో నోని ముందుంటుంది. తీరానికి దగ్గరగా ఇల్లున్నవారు దీన్ని, సపోటానూ ఎంచుకోవచ్చు.

● రాత్రి దొంగలు: రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ ఆక్రమణ నాడు దీవులకు చేరిన ఆఫ్రికా పెద్ద నత్త లేత మొక్కలను కొరికేస్తుంది. బ్రిటిష్‌వారు తెచ్చి వదిలిన చుక్కల జింకలు చిగుళ్లు మేస్తాయి. నాటిన రోజే కంచె వేయాలి, చీకటిపడ్డాక నత్తలను ఏరేయాలి.

● ఎవరిని అడగాలి? శ్రీ విజయపురం, అంటే నిన్నటి పోర్ట్ బ్లెయిర్‌లో 1978 నుంచి కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ పనిచేస్తోంది. దీవులకు తగిన కొబ్బరి రకాలను రూపొందించింది ఈ సంస్థే. మెయిన్‌ల్యాండ్ నుంచి మొక్క తెప్పించే ముందు అక్కడి సలహా తీసుకోవాలి. ఊరి నుంచి వచ్చే మొక్కతోపాటు మట్టిలో పురుగూ తెగులూ రావచ్చు. తొలకరికి ముందే మట్టి దిబ్బ పోసి, దాని మీద నాటితే వేళ్ల దగ్గర నీరు నిలవదు. ఇంత వాన పడే చోట మొక్క బతకడానికి ముఖ్యమైన జాగ్రత్త అదే.