ఒకే గేటు – ఎవరి తాళం వారిదే



హాస్టల్లో చేరినరోజు మన ఆస్తి ఒక ట్రంకు పెట్టె, దానికో తాళం. చెవిని మొలతాడుకు కట్టుకుని తిరిగేవాళ్లం. అది గుర్తుంటే ఈ వ్యాసం సులువుగా అర్థమవుతుంది.

ఇంజనీరింగు చివరి సంవత్సరంలో నలుగురం కలిసి ప్రాజెక్టు చేశాం. ఒకే కంప్యూటర్, అందరికీ ఒకే పాస్‌వర్డ్. మర్చిపోకుండా చీటీ మీద రాసి మానిటర్‌కు అంటించాం. సబ్మిషన్‌కు రెండు రోజుల ముందు ఎవరో పాత ఫైలును కొత్తదాని మీద కాపీ చేశారు. మూడు వారాల పని పోయింది. ఎవరో తేలలేదు. ఒకరినొకరు అనుమానించుకున్నాం. పోయిన ప్రోగ్రాము మళ్లీ రాసుకున్నాం. చెడిన స్నేహం బాగుపడడానికి చాలాకాలం పట్టింది.

ఈ బాధ తప్పించే సాధనాలు రెండు. మొదటిది గిట్. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో లినక్స్ కెర్నెల్ పని కోసం రాశాడు. ప్రతి మార్పునూ చరిత్రగా దాస్తుంది. పాత ప్రతికి ఎప్పుడైనా వెళ్లవచ్చు. రెండవది ఎస్‌ఎస్‌హెచ్. ఫిన్లాండ్‌లోని ఒక విశ్వవిద్యాలయ నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌ల దొంగతనం జరిగాక, 1995లో టాటు యులోనెన్ తయారుచేశాడు.

ఇందులో కీలు జతగా వస్తాయి. పబ్లిక్ కీ తాళం కప్ప వంటిది, ప్రైవేట్ కీ తాళం చెవి వంటిది. తోట గేటు గొలుసులో వాటాదారులందరి కప్పలూ వరుసగా కలిపి వేశారనుకోండి. ఎవరి చెవితో వారు తెరుస్తారు. ఒకరు మానేస్తే ఆ ఒక్క కప్ప తీసేస్తే చాలు, మిగతావారి చెవులు మార్చనక్కర్లేదు.

ఇక పని. ఆదేశాలు తెలుగులో రాస్తున్నాను. కంప్యూటర్‌లో ఇంగ్లీషు చిన్న అక్షరాలతో కొట్టాలి.

1. లినక్స్ ఉన్న పాత కంప్యూటర్ చాలు. అందులో గిట్, ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ వేసి, 'గిట్' పేరుతో ఒక యూజర్‌ను సృష్టించండి.

2. ప్రతి ఒక్కరూ తమ కంప్యూటర్‌లో 'ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్' నడపాలి. పాస్‌ఫ్రేజ్ తప్పక పెట్టుకోండి. రెండు ఫైళ్లు వస్తాయి. 'పబ్' అని ముగిసేది మాత్రమే సర్వర్ చూసేవారికి ఇవ్వాలి.

3. గిట్ యూజర్ డైరెక్టరీలో '.ఎస్‌ఎస్‌హెచ్' ఫోల్డర్ (అనుమతి 700), అందులో 'ఆథరైజ్డ్_కీస్' ఫైలు (అనుమతి 600) పెట్టి, ఒక్కో కీ ఒక్కో వరుసలో చేర్చండి. రెండూ గిట్ యూజర్ సొంతమై ఉండాలి.

4. అదే యూజర్‌గా 'గిట్ ఇనిట్ --బేర్ పత్రిక.గిట్' అనండి. ఇక అందరూ 'గిట్ క్లోన్'తో ప్రతి తెచ్చుకోవచ్చు.

5. కీలతో ప్రవేశం కుదిరిందని చూసుకున్నాకే పాస్‌వర్డ్ ప్రవేశం ఆపండి. ముందే ఆపితే మీరే బయట ఉండిపోతారు!

ఒక జాగ్రత్త. గిట్‌లో కనిపించే పేరు ఎవరికి వారు రాసుకున్నదే. కీ చూసేది లోపలికి రావచ్చా లేదా అన్నది మాత్రమే.

లంకల్లో ఇల్లున్న తమ్ముళ్లకు చెప్పనక్కర్లేదు: ఒక్కచోటే దాచింది వరదకు పోతుంది. గిట్‌లో ప్రతి క్లోన్‌లోనూ, తెచ్చుకున్ననాటి వరకు చరిత్రంతా ఉంటుంది. సర్వర్ పాడైనా పని దక్కుతుంది.

వచ్చే ఏటి వార్షిక సంచికతోనే మొదలుపెడదాం. అందరూ కప్పలు పంపండి. చెవి మాత్రం మొలతాడుకే ఉండనివ్వండి!