నీడ కొనేముందు గాలిని చూడండి

నీడ కూడా డబ్బిచ్చి కొనుక్కోవలసిన వస్తువే అంటే మన తాతలు పకపకా నవ్వి వుండేవారు. ఊరి మొదట్లో మర్రిచెట్టు, చెరువు గట్టున చింతతోపు వుండగా నీడకు కరువేమిటి? కాని కాలం మారింది. మధ్యతరగతి సంసారాలలో చాలామంది కారు కొనుక్కున్నారు. ఆదివారం వచ్చిందంటే వంటసామానూ, నీళ్ళక్యానూ, పిల్లలూ, నాయనమ్మతో సహా బండి నింపుకుని బయలుదేరుతున్నారు. పోయినచోట చెట్టు దొరుకుతుందన్న పూచీ మాత్రం తగ్గిపోయింది. దొరికినా, దాని కింద అప్పటికే మరొక సంసారం పొయ్యి రాజేసుకుని వుంటుంది. అంచేతనే మడిచి కారులో వేసుకుపోయే నీడలు బజారులోకి వచ్చాయి. వాటిలో మనకేది తగును, ఏది తగదు అన్నదే యీ వ్యాసంలో చెప్పుకోబోయే సంగతి.

గజ్వేల్ చుట్టుపక్కలనే తీసుకోండి. 2016 అక్టోబరులో మెదక్ నుంచి విడిపోయి సిద్దిపేట జిల్లాలో చేరిన పట్టణమిది. హైదరాబాదు నుంచి కరీంనగరం పోయే రాజీవ్ రహదారి పక్కనున్న ప్రజ్ఞాపూర్ మీదుగా సాగిపోతుంది. కొమురవెల్లి మల్లన్న, తీగుల్ నర్సాపూర్ కొండపోచమ్మ, వర్గల్ సరస్వతి, నాచారం గుట్ట నరసింహస్వామి, అందరూ కారులో పోతే దగ్గరివారే. కొమురవెల్లిలో సంక్రాంతి తర్వాత మొదలై ఉగాదికి ముందువరకు ప్రతి ఆదివారమూ జాతరే. మల్లన్నను చూసినవారు కొండపోచమ్మను కూడా దర్శించిపోవడం ఆనవాయితీ. బోనం వండాలి, నలుగురికీ వడ్డించాలి, పెద్దవాళ్ళు కాసేపు నడుము వాల్చాలి. వీటికితోడు 2020 మే 29న ప్రారంభమైన కొండపోచమ్మ సాగర్ వున్నది. పదిహేను టి.ఎం.సి.ల నీరు పట్టే ఆ జలాశయాన్ని చూడడానికి వచ్చేవారూ చాలామందే. మట్టికట్టల మీద చెట్లను పెరగనివ్వరు. వేళ్ళు పారితే కట్ట బలహీనపడుతుంది. కాబట్టి నీళ్ళున్నచోట నీడ వుంటుందన్న పాత లెక్క యిక్కడ చెల్లదు.

బండిని ఆసరా చేసుకుని నీడ కట్టుకోవడం మనకు కొత్తేమీ కాదు. జాతరకు పోయిన రైతు ఎడ్లను విప్పి, బండికి పోటు పెట్టి, దానికి ఒక దుప్పటి కట్టేవాడు. దాని కిందనే వంట, భోజనం, నిద్ర. యిప్పుడు కారు పక్కన విప్పుకునే కప్పు ఆ దుప్పటికి మనుమరాలే.

వాతావరణశాఖవారి పెట్టె

మంచి నీడ ఎలా వుండాలో తెలియాలంటే వాతావరణ కేంద్రంలోని తెల్లని చెక్కపెట్టెను చూడాలి. వేసవిలో "యీవేళ 42 డిగ్రీలు" అని మనం వినే అంకె ఎండలో తీసింది కాదు. నేలకు నాలుగడుగుల ఎత్తున ఆ పెట్టెలో, అంటే నీడలో, తీసిన అంకె అది. దానికి స్టీవెన్సన్ పెట్టె అని పేరు. దానిని రూపొందించిన థామస్ స్టీవెన్సన్ స్కాట్లండులో దీపస్తంభాలు కట్టిన ఇంజనీరు. "ట్రెజర్ ఐలండ్" నవల రాసిన స్టీవెన్సన్‌కు తండ్రి కూడాను!

ఆ పెట్టెకు మూడు గుణాలున్నాయి. తెల్లరంగు ఎండను తిప్పికొడుతుంది. పైకప్పు రెండు పొరలు. మధ్యలో గాలి వుంటుంది. నాలుగు పక్కలా వాలుబద్దల సందుల్లోంచి గాలి ఆడుతూనే వుంటుంది. దీనిలో మనకున్న పాఠం యిది: నీడ గాలి వేడిని తగ్గించదు. మనమీద నేరుగా పడే ఎండను ఆపుతుంది, అంతే. మన ఒంటిని చల్లబరిచేది చెమట, ఆ చెమటను ఆర్చేది గాలి. కాబట్టి ఎండను ఆపి గాలిని కూడా ఆపేసిన గుడారం నీడ కాదు, ఆవిరికుడుము పాత్ర! రాత్రి పడుకోవడానికి పనికివచ్చే మూసిన గుమ్మటం గుడారాన్ని మిట్టమధ్యాహ్నం వాడేవారికి యీ సంగతి వెంటనే తెలిసివస్తుంది.

మన పెద్దలు వేసిన చలువపందిరి సరిగ్గా యీ సూత్రం మీదనే నిలిచింది. పైన దట్టమైన ఆకు, చుట్టూ తెరపి. కొనే నీడ యేదయినా పందిరిని పోలి వుండాలి.

నీడ కదిలిపోతుంది

దుకాణంలో "పదడుగులకు పది, ఎనిమిదిమంది కూర్చోవచ్చు" అంటారు. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు ఆ మాట నిజమే. గజ్వేల్‌లో మే రెండోవారంలోనూ, మళ్ళీ ఆగస్టు మొదట్లోనూ మధ్యాహ్నం పన్నెండుంబావు ప్రాంతాన సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి వస్తాడు. అప్పుడు కప్పు కిందనే నీడ. కాని మూడుంబావు దాటేసరికి సూర్యుడు సగం దిగుతాడు. ఏడడుగుల ఎత్తున్న కప్పు నీడ ఏడడుగులు తూర్పుకు జరిగిపోతుంది. పదడుగుల కప్పు కింద మిగిలేది మూడడుగుల నీడే! ఎనిమిదిమంది కాస్తా ఇద్దరవుతారు.

కార్తీక వనభోజనాలనాడు, జాతర రోజుల్లో యిది మరో తీరు. చలికాలపు సూర్యుడు మధ్యాహ్నం కూడా దక్షిణానికే వాలి వుంటాడు. అప్పుడు అదే కప్పు నీడ ఐదారడుగులు ఉత్తరానికి పడుతుంది. కాబట్టి కొనేటప్పుడు పైకప్పు ఒక్కటే చూడకండి. కావలసిన పక్కకు వేలాడదీసి, అక్కరలేనప్పుడు చుట్టి పెట్టుకునే పక్కతెర ఒకటైనా వుండాలి. వచ్చిన తెరలన్నీ దించి నాలుగు పక్కలా మూసేస్తే మళ్ళీ కథ మొదటికే వస్తుంది.

గాలి ఎంత బరువు?

అసలు పరీక్ష గాలిదే. గంటకు 40 కిలోమీటర్ల గాలి తనకెదురైన ప్రతి చదరపు మీటరు మీద సుమారు ఎనిమిది కిలోల బరువుతో తోస్తుంది. పదడుగులకు పది కప్పు అంటే తొమ్మిది చదరపు మీటర్లు దాటుతుంది. ఆ కప్పు గాలికి ఎదురు తిరిగిందంటే డెబ్భై కిలోల తోపు! గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. ఇరవై కిలోల ఇనుప చట్రం దానికేం ఆగుతుంది? లేచి పక్కవారి పొయ్యిమీద పడుతుంది, లేకపోతే పిల్లలమీద పడుతుంది. మన వైపు ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రంపూట ఉన్నట్టుండి వచ్చే ఈదురుగాలి హెచ్చరించి రాదు.

దీనికి మందు చవకైనదే. నాలుగు ఖాళీ యూరియా సంచులు, ఒక పార వెంట తీసుకుపోండి. అక్కడి మన్నే నింపి కాలికొక సంచి కట్టండి. పోయేటప్పుడు మన్ను అక్కడే పోసి, గుంట పూడ్చి, సంచులు మడిచి తెచ్చుకోవచ్చు. ఇరవై లీటర్ల నీళ్ళక్యాను నిండుగా వుంటే ఇరవై కిలోలు. అదీ పనికి వస్తుంది. కాని తాగినకొద్దీ తేలికవుతుందని గుర్తుంచుకోవాలి.

మేకుల సంగతి నేలనుబట్టి. ఎర్రమొరం నేలలో పెట్టెతోపాటు వచ్చే సన్నకడ్డీలు వంగిపోతాయి. అడుగు పొడవున్న లావాటి ఇనుపమేకులు, సుత్తె కావాలి. నల్లరేగడి తడిగా వుంటే మేకు తేలికగా దిగుతుంది, అంత తేలికగానూ లేచివస్తుంది. అక్కడ సంచులే నయం. మేకును నిలువుగా కాక, తల గుడారానికి దూరంగా వాలేటట్లు కొట్టాలి. తాళ్ళకు రంగుగుడ్డ పేలికలు కడితే పరుగెత్తే పిల్లలు తట్టుకుని పడరు.

ఏది తగును?

మొదటిది టార్పాలిన్. వడ్లకుప్పమీద కప్పేదే. నాలుగు మూలలా, అంచుల మధ్యనా కళ్ళున్నది చూసుకోవాలి. ఒక అంచు కారు క్యారియరుకు, రెండో అంచు రెండు వెదురుబొంగులకు కట్టి, మేకులకు తాళ్ళు లాగితే నీడ సిద్ధం. క్యారియరు లేకపోతే తాళ్ళను కారుమీదుగా వేసి అవతలిపక్క చక్రాలకు కట్టవచ్చు. బయలుదేరేముందు విప్పడం మరవకూడదు. అన్నిటికంటె చవక, తేలిక. సంవత్సరానికి రెండుమూడుసార్లు పోయేవారికి యిది చాలు.

రెండవది మడత గుడారం. సిమ్‌కార్డులు అమ్మే కుర్రవాళ్ళు రోడ్డుపక్కన వేసుకుని కూర్చునేదే. ఇద్దరు మనుషులుంటే ఐదు నిమిషాల్లో విచ్చుకుంటుంది. చెట్టుకూ కారుకూ దూరంగా, ఎక్కడంటే అక్కడ నిలుస్తుంది. పెద్ద కుటుంబానికీ, వంటకూ బాగుంటుంది. కాని మడిచినా ఐదడుగుల పొడవుండే రకాలు వున్నాయి. చిన్నకారు డిక్కీలో అది పట్టదు. కొనేముందు డిక్కీని టేపుతో కొలుచుకుని పొండి.

మూడవది కారు క్యారియరుకు బిగించి, పక్కకు లాగితే విచ్చుకునే కప్పు. దీనికి కారు బరువే ఆసరా. అయితే విప్పి వుంచినంతసేపూ కారు కదలడానికి వీల్లేదు. ఖర్చు ఎక్కువ. నెలనెలా తిరిగేవారికి తప్ప గిట్టుబాటు కాదు. బయటి కాళ్ళకు దీనికీ తాళ్ళు, మేకులు తప్పవు.

నాలుగవది నారుమళ్ళమీద కప్పే ఆకుపచ్చని నీడవల. కూరగాయల సాగు ఎక్కువైన గజ్వేల్ ప్రాంతానికి యిది కొత్త వస్తువు కాదు. ఇందులో సగం ఎండను ఆపేవీ, మూడువంతులు ఆపేవీ, అంతకుమించి ఆపేవీ వుంటాయి. మనుషులకు దట్టమైనదే కావాలి. గాలి రంధ్రాలలోంచి పోతుంది కాబట్టి వేడి కింద నిలవదు, కప్పు అంత తేలికగా ఎగరదు. వాన మాత్రం ఆగదు. వేసవిలో దీన్ని టార్పాలిన్‌కు జానెడెత్తున పైన కడితే ఆ తెల్లపెట్టె రెండు పొరల కిటుకు మనకూ దక్కుతుంది.

మొదటి, మూడవ రకాలవారికి ఒక చిట్కా. మధ్యాహ్నం దాటాక కూర్చోదలిస్తే కారును ఉత్తర దక్షిణాలుగా నిలిపి, తూర్పు పక్కన కప్పు కట్టండి. పడమటి ఎండను కారే ఆపుతుంది. పొద్దున్నే పోయేవారు పడమటి పక్కన కట్టాలి. దమ్మిడీ ఖర్చు లేని పక్కతెర!

గుడ్డ ఎంచేటప్పుడు లేతరంగుది గాని, పైన వెండిపూత వున్నది గాని తీసుకోండి. ఎత్తిపట్టి సూర్యుడివైపు చూపితే నేత కన్నాల్లోంచి వెలుగు చుక్కలు కనబడకూడదు. కప్పు బల్లపరుపుగా కాక వాలుగా వుండాలి. పది మిల్లీమీటర్ల జల్లు పదడుగులకు పది కప్పుమీద తొంభై లీటర్లకు పైగా నీళ్ళు పోస్తుంది. అవి మధ్యలో నిలిస్తే చట్రం వంగిపోతుంది.

నీడ కాపాడలేనివి

ఎంత ఖరీదైనదైనా గుడారం పిడుగునుంచి కాపాడదు. ఉరుము వినబడగానే అందరూ కారులోకి ఎక్కి అద్దాలు మూసుకోవాలి. లోహపు కప్పున్న కారు ఎంతో క్షేమం. ఆ సమయంలో చెట్టుకింద నిలబడడం గుడారంలో కూర్చోవడంకన్నా మంచిదేమీ కాదు. ఎండ వుండగా మాత్రం పిల్లలను కారులో వదలి తలుపులు వేయకండి. పది నిమిషాల్లోనే లోపలి వేడి పది డిగ్రీలదాకా పెరుగుతుంది.

పక్కలన్నీ మూసిన గుడారంలో గ్యాసుపొయ్యిగాని, బొగ్గుల కుంపటిగాని వెలిగించకూడదు. వాసనలేని విషవాయువు పోగవుతుంది. జలాశయం దగ్గరైతే నీడను గట్టు అంచుకు దూరంగా వేసుకోండి. కొండపోచమ్మ సాగర్‌లో 2025 జనవరిలో ఐదుగురు యువకులు మునిగి మరణించారు. పిల్లలు ఆడుకునే చోటు నీడ వేసినచోటి చుట్టూనే వుంటుంది కాబట్టి, నీడ ఎక్కడ వేయాలన్నది తల్లిదండ్రులు మొదట ఆలోచించవలసిన సంగతి.

ఒక్క పరీక్ష

ఏది కొన్నా, మొదటి ప్రయాణానికి ముందు యింటి మిద్దెమీదనో, పెరటిలోనో ఒకసారి విప్పి మడవండి. ఇంటిల్లిపాదీ, యజమానురాలితో సహా, పావుగంటలో వేయగలగాలి. ఐదు నిమిషాల్లో దించగలగాలి. వేయడంకన్నా దించడమే ముఖ్యం. గాలి రేగినప్పుడు మొండికెత్తి పట్టుకు వేలాడేవాడికన్నా, వెంటనే దించేసి కారులో కూర్చునేవాడు తెలివైనవాడు.

టెంట్‌హౌస్ లేని పట్టణం లేదు. పదిహేనుమంది పోయే వనభోజనానికి కొత్తది కొనేకన్నా షామియానా అద్దెకు తెచ్చుకోవడమే మేలు. నలుగురైదుగురుండే సంసారానికి మంచి టార్పాలిన్, రెండు బొంగులు, నాలుగు ఖాళీ సంచులు, గట్టి మేకులు చాలు. మిగిలిన డబ్బుతో మరో రెండు ఊళ్ళు చూసి రావచ్చు.