తాళం తీసినా ఆగని ఇంజన్

ఖరీదైన కారు పాతబడితే యజమానికి భారమవుతుందన్న మాటలో నిజం లేకపోలేదు. అయితే ఆ భారం చాలామంది అనుకున్నట్టు ఇంజన్‌తోనే మొదలు కాదని, 1976లో విడుదలై దాదాపు 27 లక్షల సంఖ్యలో తయారైన మెర్సిడెస్ బెంజ్ డబ్ల్యూ 123 శ్రేణిని పరిశీలిస్తే తెలుస్తుంది. దీనికి ముందు తరానికి చెందిన ఒక 240డి కారును గ్రీసు దేశపు టాక్సీ డ్రైవరు 46 లక్షల కిలోమీటర్లు నడిపి, 2004లో కంపెనీ మ్యూజియానికి అప్పగించాడు. ఆ ప్రయాణంలో ఇంజన్లను పలుమార్లు మార్చారన్న సంగతి కూడా చెబితేనే ఆ లెక్క పూర్తవుతుంది. ఎంత గట్టి యంత్రమైనా మరమ్మతుకు వీలుగా ఉన్నందువల్లనే అంతకాలం నిలిచింది.

ముందుగా ముసలిదయ్యేది రబ్బరు. డబ్ల్యూ 123 శ్రేణిలోని ఐదు సిలిండర్ల 300డి డీజిల్ కారులో ఇది విచిత్రమైన రూపం దాలుస్తుంది. పెట్రోలు ఇంజన్‌లో గాలి దారికి అడ్డుగా ఉండే థ్రాటిల్ అనే మూత వల్ల వాక్యూమ్, అంటే బయటి గాలి కన్నా తక్కువ పీడనం, దానంతటదే ఏర్పడుతుంది. ఈ డీజిల్ ఇంజన్‌కు ఆ మూత లేదు కనుక వాక్యూమ్ కోసం వేరే పంపు అమర్చారు. బ్రేకుకు బలం చేకూర్చేదీ, సెంట్రల్ లాకింగ్ ఉన్న కార్లలో తలుపుల తాళాలను కదిలించేదీ, చివరకు ఇంజన్‌ను ఆపేదీ ఆ వాక్యూమే. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు కాబట్టి ఇంధనం అందినంతసేపూ అది తిరుగుతూనే ఉంటుంది. తాళం చెవి తిప్పినప్పుడు వాక్యూమ్ ఒక పలుచని పొరను లాగి, ఇంధనం పోకుండా నిలిపివేస్తుంది.

అందువల్ల వెనుక తలుపు తాళంలోని రబ్బరు పొర పగిలినా, తాళం చెవి తీసి చేత పట్టుకున్న తరువాత కూడా ఇంజన్ కొట్టుకుంటూ ఉండవచ్చు. అప్పుడు బానెట్ ఎత్తి, స్టాప్ అని రాసి ఉన్న చిన్న ఎర్రటి మీటను వేలితో నొక్కి ఆపవలసి ఉంటుంది. అనుభవం లేని మెకానిక్ ఇంధన పంపునే అనుమానిస్తాడు. తెలిసినవాడు చేతిపంపును గొట్టాలకు ఒక్కొక్కటిగా తగిలించి, మీటరు ముల్లు ఏ గొట్టం దగ్గర జారిపోతోందో కనిపెడతాడు. విడిభాగం ఖర్చు స్వల్పమే. పనంతా ఓపికతో కారణం వెతకడంలోనే ఉంది.

1998లో వచ్చిన ఎస్ క్లాస్ డబ్ల్యూ 220 కారులో ఈ వెసులుబాటు తగ్గింది. స్ప్రింగుల స్థానంలో గాలి నింపిన రబ్బరు సంచులు బండిని మోస్తాయి. సంచికి సన్నని పగులు వస్తే రాత్రికి రాత్రి కారు ఒక మూలకు కుంగిపోతుంది, ఆ లోటు పూడ్చడానికి కంప్రెసర్ అదేపనిగా తిరిగి చివరకు కాలిపోతుంది. సంచిని సకాలంలో మార్చనందుకు రెండు భాగాలకు డబ్బు పెట్టవలసి వస్తుంది. పైగా కారు ధర ఏళ్లు గడిచేకొద్దీ పడిపోతుందే తప్ప, విడిభాగాల ధర ఆ వెంటే దిగిరాదు. చవకగా దొరికిందని పాత విలాసవంతమైన కారు కొనేవారు చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

రబ్బరును మార్చవచ్చు, ఇంజన్‌ను విప్పి బాగుచేయవచ్చు. తుప్పు మాత్రం బండి ఒంటినే తినేస్తుంది. అందుకే డబ్ల్యూ 123 కొనదలచినవారు మెరిసే రంగునూ తోలు సీట్లనూ చూడకముందే, కారు కింద జాకీ ఆనించే చోట్లనూ బ్యాటరీ కూర్చునే పళ్లెం అడుగునూ గట్టిగా తట్టి చూడాలి.