బురద నీటికే పుట్టిన దేహం: ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్

ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను 1822లో బర్చెల్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు వర్ణించి, దక్షిణాఫ్రికాలోని ఆరెంజ్ నదికి ఉన్న గారీప్ అనే పాత పేరును దాని శాస్త్రీయ నామంలో చేర్చాడు. ఐదున్నర అడుగుల పొడవు, 60 కిలోల బరువు వరకు పెరగగల ఈ చేప మన మార్పు చేపకు దగ్గరి చుట్టమే అయినా, మార్పు అడుగున్నర దాటడమే అరుదు.

దీని ఒంటిపై పొలుసులు ఉండవు. జిగురుతో నున్నగా ఉండే చర్మం, తోక వైపుకు పలచబడే పొడవాటి శరీరం, ఎముక పలకలతో గట్టిపడిన బల్లపరుపు తల, వెడల్పాటి నోరు, చిన్న కళ్లు దీని గుర్తులు. తల వెనుక మొదలై దాదాపు తోక దాకా సాగే వీపు రెక్కలో 61 నుంచి 79 వరకు కిరణాలు, అంటే రెక్క పొరను నిలిపే సన్నని ఊచలు, ఉంటాయి. నోటి చుట్టూ ఉన్న నాలుగు జతల మీసాలు స్పర్శను, రుచిని గ్రహిస్తాయి గనుక, కంటికేమీ కనిపించని బురదలోనూ అది ఎరను పట్టుకోగలదు.

అన్నిటికన్నా విశేషమైనది దాని ఊపిరి. మొప్పలకు పైనున్న గదిలో, రెండవ, నాలుగవ మొప్ప వంపుల నుంచి పుట్టి చెట్టుకొమ్మల్లా చీలిన అంగాలు ఉంటాయి. వాటి నిండా రక్తనాళాలు అల్లుకుని ఉండటం వల్ల, నీటిపైకి వచ్చి నోటితో మింగిన గాలిలోని ప్రాణవాయువు నేరుగా రక్తంలో కలుస్తుంది. అందుకే మిగతా చేపలు తేలిపోయే మురికి నీటిలోనూ అది బతుకుతుంది. ఒళ్లు తడిగా ఉన్నంతసేపు, పక్క రెక్కల గట్టి ముళ్లను నేలకు ఆనించి తడి నేల మీద పాకుతూ మరో నీటికి చేరగలదు కూడా.

జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల మీదుగా పారే పెన్నా వంటి నదులు వర్షాధారాలు. వేసవిలో వాటి ప్రవాహం ఆగి, నీరు మడుగులుగా మిగిలినప్పుడు చేపలకు ప్రాణవాయువు కరువవుతుంది. అలాంటి మడుగులోకి ఈ చేప చేరితే, గాలి పీల్చలేని జాతులు నీరసించే వేళకు ఇది బలంగా ఉండి, పురుగులతో పాటు చేపలనూ కప్పలనూ తింటుంది. పెంపకందారులకు లాభం తెచ్చే ఈ దేహబలమే నదికి ముప్పు అవుతుంది.

భారతదేశంలో దీని పెంపకం నిషిద్ధం. పెంచినవారు, పట్టినవారు ఎవరైనా దీన్ని చెరువులో గానీ నదిలో గానీ వదలకూడదు. గుర్తించిన వెంటనే మత్స్యశాఖకు తెలపాలి.