పెద్దాపరేషనా, మామూలు కాన్పా: ఎంచుకునేది ఎవరు?

వరంగల్ చుట్టుపక్కల పల్లెల్లో సిజేరియన్‌ని ‘పెద్దాపరేషన్’ అంటారు. మాల, మాదిగ వాడల్లో ఒక బాలింతను పలకరించి "కాన్పు ఎట్లయింది చెల్లె?" అని అడిగితే "పెద్దాపరేషనయింది అక్కా" అన్న జవాబే ఎక్కువగా వస్తుంది. ఆగకుండా ఇంకో మాట అడగండి. ఎందుకు చేసిండ్రు? "తెల్వదక్కా. ఉమ్మనీరు తక్కువున్నదన్నరు. మా ఆయనతోని సంతకం పెట్టిచ్చుకున్నరు." ఈ వ్యాసం ఆ రెండో జవాబు గురించి.

దేశంలో ఆపరేషన్ కాన్పులు అన్నిటికంటే ఎక్కువ జరిగే రాష్ట్రంగా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది తెలంగాణే. ఇక్కడ నూరు కాన్పుల్లో 60.7 ఆపరేషన్లు. దేశం మొత్తం సగటు 21.5. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5. అంటే అక్కడ మామూలు కాన్పే వింత. అయితే దీన్ని ‘ప్రైవేటు దోపిడీ’ అని ఒక్క మాటతో తేల్చేస్తే సగం నిజమే చెప్పినట్టు. అదే సర్వేలో మన సర్కారు దవాఖానాల లెక్క 44.5. దేశంలోని సర్కారు దవాఖానాల సగటు 14.3 మాత్రమే. పైసలు గుంజే అవసరం లేని చోట కూడా దేశం కంటే మూడింతలు కోతలు ఎందుకు జరుగుతున్నట్టు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో, నూటికి 10 నుంచి 15కు మించి ఆపరేషన్లు ఉండటానికి కారణం కనబడదని చెప్పింది. 2015లో ఆ మాటను సవరించి స్పష్టం చేసింది. ఒక జనాభా మొత్తంలో ఆపరేషన్లు నూటికి 10 దాకా పెరిగేకొద్దీ తల్లుల, పసిపిల్లల చావులు తగ్గుతాయి. ఆ పైన ఎంత పెరిగినా చావులు తగ్గినట్టు ఆధారం లేదు. ఆ వెంటనే ఇంకో మాట కూడా అన్నది: ఫలానా శాతం చేరుకోవాలని పాకులాడవద్దు, అవసరమైన ప్రతి స్త్రీకీ ఆపరేషన్ అందేట్టు చూడండి. మన ఉపన్యాసాల్లో మొదటి సగాన్నే ఎత్తుకుంటాం. రెండో సగం మన ఆడవాళ్లకు ఇంకా ముఖ్యం.

ఎందుకంటే మన అమ్మమ్మల కాలంలో ఆపరేషన్ దొరకక చచ్చిన వాళ్లెందరో. బిడ్డ అడ్డం తిరిగితే ఎడ్లబండి మీద పట్నం చేరేలోపే ప్రాణం పోయేది. చాలా ఊళ్లల్లో పురుడు పోసింది మాదిగ, మంగలి, చాకలి ఇండ్ల ఆడవాళ్లు. దొరసాని బిడ్డను తన చేతుల్లోకి తీసుకున్న మంత్రసాని, బొడ్డు కోసి, మాయను పాతిపెట్టి, నెత్తుటి గుడ్డలు ఉతికిన తర్వాత ఆ ఇంటి కుండ ముట్టడానికి లేదు. ఆమె చేతిలో ఉన్నది జ్ఞానమే. దాన్ని మైల పని కింద లెక్కగట్టి, చాటెడు వడ్లు, ఒక పాత చీర చేతిలో పెట్టారు. కానీ ఆ జ్ఞానానికి హద్దు కూడా ఉండేది. నెత్తురు ఆగకపోతే, ఫిట్స్ వస్తే ఆమె దగ్గర మందు లేదు. అందుకని ‘పాత పద్ధతే మేలు’ అనే మాట మనది కాదు. దవాఖానా మనం కొట్లాడి అడిగింది. 2018-20 నాటికి తెలంగాణలో లక్ష కాన్పులకు తల్లుల మరణాలు 43కు తగ్గాయి. దేశంలో అప్పుడు 97. 2019-21 సర్వే నాటికి నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. ఇది చిన్న మార్పు కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. కోత తప్పనిసరి అయ్యే సందర్భాలు కొన్ని ఉన్నాయి, వాటిలో వాదన అనవసరం. మాయ కిందికి వచ్చి దారికి అడ్డంగా ఉంటే, నొప్పులు మొదలైనా బిడ్డ అడ్డంగానే ఉంటే, బొడ్డుతాడు బిడ్డకంటే ముందు బయటికి జారితే, బిడ్డ గుండె చప్పుడు పడిపోయి తేరుకోకపోతే, గంటల తరబడి గట్టి నొప్పులు వచ్చినా బిడ్డ ముందుకు జరగకపోతే, పాత ఆపరేషన్‌లో గర్భసంచిని నిలువుగా కోసి ఉంటే ఆపరేషన్ చేయవలసిందే. అక్కడ ఆలస్యమే హంతకి. బిడ్డ ఎదురుకాళ్లతో ఉన్నప్పుడు, కవలలున్నప్పుడు, బీపీ బాగా పెరిగినప్పుడు పరిస్థితిని బట్టి డాక్టరు, తల్లి కలిసి ఆలోచించుకోవాలి.

కానీ మన వాడల్లో వినబడే కారణాలు వేరు. "బొడ్డుతాడు మెడకు చుట్టుకున్నది." వినంగనే ఏ తల్లికైనా గుండె ఆగుతుంది. నిజానికి దాదాపు నలుగురైదుగురు పిల్లల్లో ఒకరు మెడకు పేగు చుట్టుకునే పుడతారు, చాలామంది క్షేమంగా పుడతారు. బిడ్డ గుండె బాగా కొట్టుకుంటుంటే ఆ ఒక్క కారణంతో కోయనక్కరలేదు. "డేటు దాటింది." డేటు అనేది ఒక అంచనా. తల్లీబిడ్డా బాగుంటే, చూసుకుంటూ 41 వారాల దాకా ఆగవచ్చు. "దారి సన్నగున్నది." నొప్పులు రాకముందే ఈ మాట తేల్చి చెప్పడం చాలామంది విషయంలో కుదరదు. ఉమ్మనీరు తక్కువన్నప్పుడు ఎంత తక్కువ, బిడ్డ ఎదుగుదల ఎట్లుంది, నొప్పులు వచ్చేట్టు మందు పెట్టి చూడవచ్చా అని అడగాలి. ఈ ప్రశ్నలు అడిగితే డాక్టరమ్మకు కోపం వస్తుందని భయం. చదువుకున్న అగ్రకులపామె అడిగితే తెలివి, కూలి చేసుకునే మాదిగామె అడిగితే పొగరు.

రెండు దారులకూ వాటి వాటి ఖర్చు ఉన్నది, శరీరం మీద. మామూలు కాన్పులో నొప్పి ఉన్నది, చిరుగులు, కుట్లు ఉంటాయి. కొందరికి తర్వాత కాలంలో మూత్రం ఆపుకోలేకపోవడం, గర్భసంచి జారడం వంటి బాధలు వస్తాయి, ఆపరేషనైన వాళ్లలో అవి కొంత తక్కువ. ఈ సంగతి దాచి మామూలు కాన్పును పొగడటం మోసం. కానీ చాలామంది రెండో రోజుకే లేచి తిరుగుతారు, ముర్రుపాలు వెంటనే ఇవ్వగలుగుతారు. పెద్దాపరేషన్‌లో నెత్తురు ఎక్కువ పోతుంది. కోత చీము పట్టవచ్చు, కాళ్ల రక్తనాళాల్లో గడ్డలు కట్టవచ్చు. 39 వారాలు నిండకముందే ముహూర్తం చూసి కోయించుకుంటే బిడ్డకు ఊపిరి తీసుకోవడంలో ఇబ్బంది వచ్చే ప్రమాదం పెరుగుతుంది. (ముహూర్తం పిచ్చి ఎవరింట్లో పుట్టి ఎవరింటికి చేరిందో వేరే చెప్పనక్కరలేదు. పుట్టుకతోనే అంటరానివాళ్లన్న పంచాంగాన్ని పట్టుకొని మన పిల్లల పుట్టుక గడియ వెతుక్కుంటున్నాం.)

అసలు ప్రమాదం మొదటి కోతలో కంటే తర్వాతి కాన్పుల్లో ఉంటుంది. ఈ సంగతి సంతకం పెట్టించుకునేటప్పుడు చెప్పేవాళ్లు తక్కువ. ఒకసారి కోసిన గర్భసంచి మీద తర్వాతి మాయ అతుక్కొని కండలోకి చొచ్చుకుపోవచ్చు. అప్పుడది ఊడిరాదు, నెత్తురు ఆగదు, గర్భసంచే తీసెయ్యవలసి వస్తుంది. అమెరికాలో 2006లో అచ్చయిన పెద్ద అధ్యయనంలో, మాయ కిందికి వచ్చిన వాళ్లను మాత్రమే తీసుకొని చూస్తే, మొదటి ఆపరేషన్ అవుతున్న వాళ్లలో నూటికి 3 మందికి, రెండో ఆపరేషన్ వాళ్లలో 11 మందికి, మూడోదైతే 40 మందికి ఇట్లా జరిగింది. ఇద్దరితో ఆపే వాళ్లకు ఈ ప్రమాదం తక్కువే. మొగపిల్లవాడు పుట్టేదాకా కనాలన్న ఇంట్లో అది తక్కువ కాదు.

కూలి చేసుకునే ఆడదానికి ఇంకో లెక్క ఉంటుంది, ఏ వైద్య పుస్తకంలోనూ దానికి చోటు లేదు. చట్టం 2017 నుంచి 26 వారాల ప్రసూతి సెలవు ఇస్తున్నది, జీతం పుస్తకంలో పేరున్న ఆమెకు. నర్సంపేట, పరకాల దిక్కు పత్తి ఏరే ఆమెకు, నాటు వేసే ఆమెకు ఏ సెలవూ లేదు. ఆరు వారాలు బరువు ఎత్తవద్దు అని డాక్టరు అంటారు. నీళ్ల బిందె ఎవరు ఎత్తాలి? నడుం వంచి నాటేసే పనికి ఎప్పుడు పోవాలి? కోతకు పెట్టిన ఖర్చు మిత్తికి తెచ్చిన అప్పైతే ఆ మిత్తి ఆరు వారాలు ఆగదు.

మరి ఇన్ని తెలిసిన తర్వాత కూడా మన ఆడవాళ్లే "నాకు ఆపరేషన్ చెయ్యుండ్రి" అని ఎందుకు అడుగుతున్నారు? దీన్ని సోమరితనమనీ, నొప్పి ఓర్చుకోలేని కాలమనీ వెక్కిరించేవాళ్లు లేబర్ రూము చూడలేదు. ఒక్కో మంచం మీద ఇద్దరు. తోడుకు తల్లిని రానియ్యరు. అరిస్తే తొడ మీద దెబ్బ, "మొగుడితో పన్నప్పుడు తెల్వలేదా" అనే మాట. కులం పేరు నేరుగా తియ్యరు, కాలనీ పేరు అడుగుతారు. మా ఇంట్లోనే ఒకామె మొదటి కాన్పు ఇట్లా జరిగింది, ఊరు, దవాఖానా పేరు అక్కర్లేదు. రెండోసారి ఆమె నొప్పులు రాకముందే కోత అడిగింది. ఆమె తప్పించుకోవాలనుకున్నది నొప్పిని కాదు, అవమానాన్ని. దాన్ని ‘ఎంపిక’ అనవచ్చునా? వెన్నులో మందు ఇచ్చి నొప్పి తగ్గించే పద్ధతి ఉన్నదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా పేదల లేబర్ రూములో అది దొరకడం అరుదు.

డాక్టర్ల వైపు కారణాలు కూడా చూడాలి. మామూలు కాన్పు మొదటిసారి పన్నెండు గంటలు, ఆ పైన కూడా పట్టవచ్చు. ఆపరేషన్ గంటలో అయిపోతుంది. ఒక్క డాక్టరుతో, ఇద్దరు సిస్టర్లతో నడిచే వార్డులో పగటిపూటే కోసెయ్యడం తేలిక. ఏదన్నా జరిగితే చుట్టాలు మీద పడతారన్న భయం ఒకటి. ప్రైవేటులో బిల్లు ఒకటి, గర్భిణిని తోలుకొచ్చిన ఆర్‌ఎంపీకి ఇచ్చే కమిషన్ ఇంకొకటి. ఇక మొదటిది కోతైతే రెండోది కోతే అన్న అలవాటు అన్నిటికంటే పెద్ద కారణం. అది తప్పనిసరి కాదు. అడ్డంగా కోసిన పాత కోత ఒక్కటే ఉండి, వేరే ఇబ్బంది లేకపోతే, ప్రయత్నించిన వాళ్లలో నూటికి 60 నుంచి 80 మందికి మామూలు కాన్పు అవుతుంది. పాత కుట్టు విడిపోయే ప్రమాదం వెయ్యికి అయిదు నుంచి తొమ్మిది మందికి. చిన్న లెక్కే, కానీ విడిపోతే నిమిషాల మీద పని. అందుకే థియేటరు, రక్తం, మత్తు డాక్టరు రాత్రిపూట కూడా ఉన్న చోటే ఆ ప్రయత్నం చెయ్యాలి. వరంగల్‌లో మట్వాడలోని చందా కాంతయ్య స్మారక ప్రసూతి ఆసుపత్రి, హన్మకొండ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి, ఎంజీఎం వంటి పెద్ద దవాఖానాల మీద చుట్టూ ఉన్న జిల్లాల భారమంతా పడేది ఇందుకే. ఊరి పీహెచ్‌సీలో రాత్రి కాన్పు చేసే మనిషి ఉంటే ఆ భారం సగం తగ్గుతుంది.

ప్రభుత్వం ఏమీ చెయ్యలేదని కాదు. 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ మొదలుపెట్టి, సర్కారు దవాఖానాలో కంటే 12 వేలు, ఆడపిల్ల పుడితే 13 వేలు అన్నారు. 2015-16లో నూటికి 30 కాన్పులు సర్కారులో అయితే 2019-21 నాటికి దాదాపు 50 అయ్యాయి. కానీ అదే కాలంలో సర్కారు దవాఖానాల కోతలు 40 నుంచి 44.5కు పెరిగాయి. జనం వచ్చారు, మంచాలు, సిస్టర్లు ఆ లెక్కన రాలేదు. 2017లోనే నర్సులకు మిడ్‌వైఫ్ శిక్షణ కూడా మొదలైంది, ఇది మంచి పని. మంత్రసానిని ఎడ్డిదని వెళ్లగొట్టి, ఆమె పనిని తెల్లకోటు వేసి మళ్లీ పిలుస్తున్నారు. ఆ తెల్లకోటు ఆమె మనుమరాలికి దక్కుతున్నదా అని చూడవలసింది మనమే.

ఒక ప్రమాదం గురించి మాత్రం ఇప్పుడే చెప్పుకోవాలి. కోతలు తగ్గించమని పైనుంచి ఒత్తిడి వస్తే అది మొదట పడేది సర్కారు దవాఖానాల మీద, అంటే మన ఆడవాళ్ల మీద. ఇంగ్లండులో ష్రూస్‌బరీ ప్రాంతపు ఆసుపత్రుల మీద 2022 మార్చిలో వచ్చిన విచారణ నివేదిక, అక్కడ ఏళ్ల తరబడి ఆపరేషన్ చెయ్యడానికి వెనకాడారని తేల్చింది. మంచి వైద్యం అందితే రెండు వందల మందికి పైగా పసికందులు బతికి ఉండేవారేమోనని చెప్పింది. అదే ఏడు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ల శాతాన్ని లక్ష్యంగా పెట్టుకోవద్దని ఆసుపత్రులకు చెప్పింది. రేపు మన దగ్గర ఒక మాదిగ తల్లికి అవసరమైన కోతను ‘నార్మల్ లెక్క’ కోసం ఆపితే ఆ చావు ఏ సర్వేలో పడుతుంది? కోతలు ఎక్కువన్నది నిజం, కావలసిన చోట అందకపోవడం కూడా నిజం. ఈ రెండూ ఒకే వార్డులో పక్కపక్క మంచాల మీద జరగవచ్చు.

చట్టం మాట ఒకటి కార్యకర్తలకు పనికొస్తుంది. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు, సంతకం ఉంటే చాలదు, ఏం చేస్తున్నారో, ఎందుకో, వేరే దారేమున్నదో, ప్రమాదాలేమిటో రోగికి తెలిసేట్టు చెప్పిన తర్వాతే అది అంగీకారమని చెప్పింది. మేజరైన, తెలివిలో ఉన్న స్త్రీ ఉండగా ఆ అంగీకారం ఆమెది, మొగుడిది కాదు. ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం ఈ మాట ఏడో నెలలోనే ఇంట్లో కూర్చొని చెప్పాలి. నొప్పుల మీద ఉన్న మనిషికి చట్టం చెప్పి లాభం లేదు.

ఇక కాగితం. డిశ్చార్జి కాగితం మీద చాలాసార్లు ‘సిజేరియన్’ అని ఒక్క మాట ఉంటుంది. ఆపరేషన్ ఎందుకు చేశారు, గర్భసంచిని అడ్డంగా కోశారా నిలువుగా కోశారా, నెత్తురు ఎంత పోయింది అన్నవి రాయించుకోవాలి. రెండో కాన్పుకు పోయినప్పుడు మామూలు కాన్పుకు ప్రయత్నించవచ్చా లేదా అన్నది ఆ రెండు వరసల మీద ఆధారపడుతుంది. పైన కనబడే మచ్చను చూసి లోపలి కోత ఎటున్నదో చెప్పలేరు. కాగితం లేని ఆమెను చూసి ఏ డాక్టరైనా మళ్లీ కోతకే పంపుతారు, వాళ్లను తప్పుపట్టలేం. మన వాడల్లో ఆ కాగితం వానకు తడిసో, ఎవరో పిల్లలు చింపో పోతుంది. ఇంట్లో పట్టా పాసుబుక్కు లేకపోయినా రేషన్ కార్డు పెట్టుకునే సంచి ఒకటి ఉంటుంది. అందులో పెట్టమని చెప్పండి.