స్టాటిన్ మాత్ర పడలేదా?

"డాక్టరు గారూ, ఆ మాత్ర నాకు పడలేదండీ. మానేశాను." జెర్సీ సిటీలో నా దగ్గరకు వచ్చే మనవాళ్ళ నోట ఈ మాట తరచు వింటుంటాను. ఆ మాత్ర అంటే కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్. పిక్కలు లాగుతున్నాయట, జర్నల్ స్క్వేర్ స్టేషన్ మెట్లు ఎక్కలేకపోతున్నారట. మానేసి ఎన్నాళ్ళయిందండీ అంటే, ఆర్నెల్లంటారు! నా భయమల్లా ఆ ఆర్నెల్ల గురించే. దక్షిణాసియా సంతతి కావడమే గుండెజబ్బు ముప్పు పెంచే అంశాల్లో ఒకటని 2018 నాటి అమెరికా వైద్య మార్గదర్శకాలు చెప్పాయి.

నొప్పి ఉందంటే ఉన్నట్టే. అది మాత్ర వల్లనేనా అన్నది వేరే సంగతి. స్టాటిన్ పడక మానేసిన 60 మంది మీద లండన్‌లో 'సామ్సన్' అనే పరిశోధన చేశారు. ఏడాదిలో నాలుగు నెలలు స్టాటిన్, నాలుగు నెలలు అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర, నాలుగు నెలలు ఏమీ లేదు. 2020లో ఫలితాలు వచ్చాయి. స్టాటిన్‌తో కలిగిన బాధలో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ కలిగింది! ఆ సంగతి తెలిశాక వారిలో సగంమంది మళ్ళీ స్టాటిన్ మొదలుపెట్టారు.

అందుకని నేను ముందు సి.కె., థైరాయిడ్, విటమిన్ డి పరీక్షలు చేయిస్తాను. థైరాయిడ్ మందగిస్తే కండరాల నొప్పులూ వస్తాయి, కొలెస్టరాలూ పెరుగుతుంది. కొన్ని వారాలు మాత్ర ఆపి, తర్వాత వేరే స్టాటిన్ తక్కువ మోతాదులో ఇస్తాను. రోసువాస్టాటిన్ 5 మిల్లీగ్రాములు రోజు విడిచి రోజు వేసుకున్నా చాలామందిలో బాగానే పనిచేస్తుంది.

కొందరు స్టాటిన్ మానేసి, 'సహజమైనది' అని రెడ్ ఈస్ట్ రైస్ కొనుక్కుంటారు. అందులో ఉండేది లోవాస్టాటినే! దొడ్డిదారిన అదే మందన్నమాట.

నిజంగానే పడనివారికి ఇప్పుడు వేరే దారులున్నాయి. ఎజెటిమైబ్ 2002 నుంచీ ఉంది. 2020లో వచ్చిన బెంపెడోయిక్ ఆసిడ్ కాలేయంలోనే చురుకవుతుంది, కండరాల్లో కాదు. స్టాటిన్ వాడలేని దాదాపు 14,000 మందిలో అది గుండెపోటు వంటి ప్రమాదాలను 13 శాతం తగ్గించిందని 2023లో తేలింది. గౌట్ ఉన్నవారు మాత్రం ముందే చెప్పాలి. రెండు వారాలకొకసారి తీసుకునే ఇంజెక్షన్లూ, ఆర్నెల్లకొకసారి తీసుకునేదీ కూడా ఉన్నాయి. ఖరీదు ఎక్కువ. ఏ స్టాటిన్, ఎంత మోతాదు, ఎన్నాళ్ళు వాడారని ఇన్సూరెన్సు వాళ్ళు కాగితం అడుగుతారు. చెప్పకుండా మానేస్తే ఆ కాగితం రాయడానికి డాక్టరు దగ్గర ఏమీ ఉండదు!

ఒక్క సందర్భంలో మాత్రం అపాయింట్‌మెంటు దాకా ఆగవద్దు. కండరాలు తీవ్రంగా నొప్పిపెట్టి, నీరసించి, మూత్రం కోకాకోలా రంగులో వస్తే మాత్ర ఆపి వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళండి.